పొట్టలో పురుగుల ఊరు

ఇంగ్లీషువాళ్లు మన దగ్గర్నుంచి చాలా ఎత్తుకుపోయినారని చరిత్ర మేష్టర్లు చెబుతారు. మాటలు కూడా ఎత్తుకుపోయినారని మాత్రం ఎవరూ చెప్పరు. మన పందికొక్కు వాళ్ల నోట్లో పడి 'బ్యాండికూట్' అయింది. అంతటితో ఊరుకున్నారా? ఆస్ట్రేలియాలో దిగినాక, అక్కడ మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వుకుని తినే ఒక చిన్న జంతువును చూసి దానికీ అదే పేరు తగిలించినారు. ఆ జంతువుకూ, మన చెనక్కాయ చేలల్లో బొక్కలు చేసే పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. మనది ఎలుకల జాతి. వాళ్లది సంచి జంతువు, అంటే కంగారూ మాదిరి పిల్లను కడుపు దగ్గరి సంచిలో పెట్టుకుని సాకే జాతి. మన దేశపు అడవుల్లో అట్లాంటి జంతువు ఒక్కటీ లేదు.

మరి మన దగ్గర లేని జంతువుల గురించి, పైగా వాటి పొట్టలోని పురుగుల గురించి, పెద్దమండ్యం నుంచి వచ్చినవాడు ఈ సంచికలో ఎందుకు రాస్తున్నాడని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కానీ ఆ పురుగుల కథ మా దొడ్లలోని గొర్రెల ప్రాణాలకు తగిలే కథ. అందుకే రాస్తున్నాను.

కంగారూ కసువు తినే జంతువు. గొర్రె మాదిరి నెమరువేసే జాతి కాకపోయినా, దాని పొట్ట ముందుభాగం కూడా ఒక పెద్ద తొట్టి లాంటిదే. తిన్న కసువు ఆ తొట్టిలో నాని, సూక్ష్మజీవుల చేత పులిసి, ఆ తర్వాతే అరుగుతుంది. ఆ తొట్టిలోనే పురుగుల కాపురం. వందా, వెయ్యీ కాదు. ఎదిగిన కంగారూ ఒక్కదాని పొట్టలో లక్షకు పైబడి గుండ్రటి పురుగులు ఉండవచ్చు. అవన్నీ ఒకే జాతి కూడా కావు. ఒకే పొట్టలో పదికి మించిన జాతులు కలిసి బతుకుతాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయన్ బెవెరిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని దశాబ్దాల పాటు ఈ పురుగులనే పట్టుకుని కూర్చున్నాడు. వీటిలో 'క్లోయసీనా' అనే ఒక్క ప్రజాతిలోనే అరవైకి పైగా జాతులున్నాయి. క్లోయసీనా అంటే ప్రాచీన రోమన్ల మురుగుకాలువల దేవత! పొట్టలో ఉండే పురుగుకు మురుగుదేవత పేరు పెట్టినవాళ్లకు హాస్యం తెలియదని ఎవరనగలరు?

ఇన్ని లక్షల పురుగులుండి ఆ కంగారూ చచ్చిపోవాలి గదా? పోదు. గంతులేస్తా తిరుగుతుంది. వీటిలో చాలావాటికి నెత్తురు పనే లేదు. పొట్టలో పులిసే మేతనూ, అందులోని సూక్ష్మజీవులనూ తిని బతుకుతాయి. పైగా ఒక్కో జాతికి ఒక్కో చోటు. ఒకటి పొట్ట ముందు అరలో ఉంటే ఇంకొకటి వెనక అరలో ఉంటుంది. ఒకటి గోడనంటుకుని ఉంటే, మరొకటి మేత మధ్యలో. మా ఊర్లో చెరువు కింద వరి, మెట్ట మీద చెనక్కాయ, గుట్ట మొదట్లో ఉలవలు ఉన్నట్టు. దీన్నే శాస్త్రంలో సముదాయం అంటారు. నేను ఊరు అంటాను.

అట్లని ఆ ఊర్లో అందరూ మంచివాళ్లే అనుకుంటే పొరపాటు. గ్లోబోసెఫలాయిడిస్ అని ఒకటుంది. నోరు తిరగని పేరు, చెడ్డ బుద్ధి. అది పొట్టలో ఉండదు, చిన్నపేగులో చేరి నెత్తురు తాగుతుంది. చలికాలంలో మేత తగ్గినప్పుడు బూడిదరంగు కంగారూ పిల్లలు దానివల్ల నెత్తురు లేక పాలిపోయి చచ్చిపోతాయి. లక్ష పురుగులు ఏమీ చెయ్యకపోవచ్చు, వాటితో పోలిస్తే లెక్కలోకి రానన్ని పురుగులు ప్రాణం తియ్యవచ్చు. కాబట్టి పురుగులున్నాయా లేవా అనేది అసలు ప్రశ్నే కాదు. ఏ పురుగు, ఎక్కడ, ఎన్ని, ఏ కాలంలో? ఇదీ ప్రశ్న.

ఈ ప్రశ్న మనం మన జీవాల విషయంలో ఎప్పుడైనా అడిగినామా?

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. మదనపల్లె నుంచి ఇటు తంబళ్లపల్లె, పెద్దమండ్యం దాకా వాన నమ్ముకుని చెనక్కాయ వేసే రైతుకు పంట పోయిన ఏడు చేతిలో మిగిలేది ఆ నాలుగు గొర్రెలే. బ్యాంకు మేనేజరు లోను ఇస్తాడో లేదో గానీ పొట్టేలు మాత్రం ఏ సంతరోజయినా డబ్బులవుతుంది. చెల్లెలి ఫీజు కావచ్చు, తాత కంటి ఆపరేషను కావచ్చు, అన్నీ దొడ్లోంచే రావాలి. అందుకే గొర్రె పారుడు పెట్టుకుందంటే ఇంట్లో అందరి ముఖాలూ వాడిపోతాయి.

వానలు పడినాక మన గొర్రెలను కొట్టేది ముఖ్యంగా ఒక పురుగు. హీమాంకస్ కంటార్టస్ దాని పేరు. గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. ఆడపురుగును చేతిలోకి తీసుకుని చూస్తే ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి గర్భనాళాలు మెలికలు తిరిగి, ఎరుపూ తెలుపూ దారాలు పేనినట్టు కనిపిస్తుంది. ఆ ఎరుపు గొర్రె నెత్తురే. ఒక్కో పురుగు రోజుకు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు నెత్తురు కాజేస్తుంది. చాలా కొంచెమే గదా అనుకోవద్దు. రెండు వేల పురుగులుంటే రోజుకు వంద మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసెడు. ముప్పై కిలోల గొర్రె ఒంట్లో ఉండే నెత్తురు మొత్తం రెండు లీటర్లకు అటూ ఇటూ. ఇరవై రోజుల్లో లెక్క ఎక్కడికొస్తుందో మీరే వేసుకోండి. కొత్త నెత్తురు పడుతూ ఉంటుంది గానీ, ఎండాకాలమంతా ఎండుకసువు తిని ఎముకలు తేలిన గొర్రె ఎంతని పుట్టిస్తుంది? కళ్లు తెల్లబడి, దవడ కింద నీరు దిగి సంచి మాదిరి వేలాడుతుంది. మందలో వెనకబడుతుంది. ఒక తెల్లవారి లేవదు.

ఆ ఆడపురుగు రోజుకు ఐదు వేల నుంచి పదివేల గుడ్లు పెడుతుంది. వెయ్యి ఆడపురుగులున్న ఒక్క గొర్రె పెంటికల్లో రోజుకు అర కోటి గుడ్లు. వెచ్చగా, తడిగా ఉంటే వారం రోజుల్లో ఆ గుడ్లు పగిలి, పిల్లపురుగులు ఎదిగి, మంచు తడి పట్టుకుని కసువు పరకల మీదికి పాకుతాయి. పొద్దున్నే పచ్చి కసువు మీదికి మందను తోలినవాడు వాటికి అన్నం పెట్టినట్టే.

దీనికి మనం చేస్తున్నదేమిటి? నట్టల మందు తాపడం. సంవత్సరానికి రెండు మూడుసార్లు మొత్తం మందకు, బాగున్నదానికీ బాగాలేనిదానికీ, వరసగా పట్టి తాపడం. నేను మందుకు వ్యతిరేకిని కాను. దవడ కింద నీరు దిగిన గొర్రెకు మందు తాపకుండా కంగారూ కథలు చెప్పేవాడిని చెట్టుకు కట్టెయ్యాలి! నా అభ్యంతరమంతా 'అన్నింటికీ, ఎప్పుడూ, అదే మందు' అనే పద్ధతి మీద.

ఎందుకంటే పురుగు కూడా నేర్చుకుంటుంది. నేర్చుకోవడం అంటే బడికి పోయి కాదు. లక్షల్లో ఏ కొన్నో మందును తట్టుకునేవి ముందునుంచే ఉంటాయి. మందు తాపగానే మిగతావన్నీ చస్తాయి, అవి మిగులుతాయి. ఆ తర్వాత పెట్టే గుడ్లన్నీ వాటివే. థయాబెండజోల్ అనే మందు 1961లో వచ్చింది. ఇక పురుగుల పని అయిపోయిందన్నారు. 1964కే ఆ మందుకు లొంగని హీమాంకస్ అమెరికాలో కనిపించింది. ఐవర్‌మెక్టిన్ 1981లో పశువుల వైద్యానికి వచ్చింది. దాన్ని కనిపెట్టిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్లకు బహుమతి రావడం న్యాయమే. కానీ 1980ల్లోనే, ఆ మందు వచ్చి పదేళ్లు తిరక్కముందే, దక్షిణాఫ్రికా గొర్రెల్లో దాన్ని లెక్కచెయ్యని పురుగులు వచ్చేసినాయి. నోబెల్ సంఘం కంటే పురుగులే తొందరపడినాయి.

మా పల్లెల్లో మందు తాపే తీరు చూస్తే ఆ పురుగులకు మనమే ట్యూషన్ చెబుతున్నామనిపిస్తుంది. తూకం ఉండదు. కంటిచూపుతో అందాజా. పెద్ద పొట్టేలుకూ, ఆర్నెల్ల పిల్లకూ అదే మూత. మందు మిగలాలని కాస్త నీళ్లు కలిపేవాళ్లూ ఉన్నారు. సగం మోతాదు అంటే చంపకుండా కొట్టి వదిలిపెట్టడం. ఇంకో సంగతి. మేక ఒంట్లో ఆల్బెండజోల్ జాతి మందులు గొర్రె ఒంట్లోకంటే తొందరగా కరిగిపోతాయి. గొర్రెకిచ్చే లెక్కనే మేకకిస్తే అది దానికి చాలని మోతాదు. ఈ మాట మందు సీసా అమ్మే అంగడివాడు చెప్పడు. పశువుల డాక్టరును అడిగి తీరాలి.

మరి మార్గమేమిటి? ఇక్కడే సముదాయం అనే చూపు అక్కరకొస్తుంది. అడవి జంతువైనా, గొర్రెయినా, మనిషైనా, పురుగులు అందరిలో సమంగా పంచుకుని ఉండవు. ఎక్కువ పురుగులు కొద్ది జంతువుల్లోనే ఉంటాయి. క్రాఫ్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో దీన్ని గణితంతో చూపించినాడు. నూటికి ఇరవై గొర్రెల్లో ఎనభై పాళ్ల పురుగులని మోటుగా చెప్పుకోవచ్చు. ఆ ఇరవైని పట్టుకోగలిగితే చాలు. మిగతా ఎనభైకి మందు తాపకపోతే వాటిలోని పురుగులు మందు ముఖం చూడనివిగానే ఉండిపోతాయి. మందుకు లొంగే రకం మందలో బతికి ఉంటుంది. మొండిరకంతో కలిసి దాని బలం తగ్గిస్తుంది. శత్రువును కొంత మిగుల్చుకోవడమే ఉపాయం! వినడానికి వింతగా ఉంటుంది గానీ, లెక్క లెక్కే.

ఆ ఇరవైని ఎట్లా కనుక్కోవాలి? దక్షిణాఫ్రికాలో ఫాఫా మలాన్ అనే పశువైద్యుడూ, ఆయనతోటివాళ్లూ ఒక కార్డు తయారుచేసినారు. గొర్రె కింది కంటిరెప్పను తిప్పి లోపలి రంగును కార్డులోని ఐదు రంగులతో పోల్చి చూడడం. ఎర్రగా ఉంటే వదిలెయ్యి, తెల్లబడితే మందు తాపు. ఆయన పేరులోని అక్షరాలతోనే దాన్ని ఫమాచా అంటారు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చినాడు. సంతలో గొర్రె బేరానికి పోతే ఆయన ముందు పళ్లు చూసి, తర్వాత కంటిరెప్ప తిప్పి చూసేవాడు. 'నెత్తురు లేదురా దీనికి' అని వదిలేసేవాడు. ఏ పురుగో ఆయనకు తెలియదు. కానీ ఏ గొర్రె అనేది తెలుసు. మనకిప్పుడు పురుగు పేరు లాటిన్‌లో తెలుసు, గొర్రెను మాత్రం చూడము.

మేత సంగతి ఇంకా పెద్దది. మేక రేగుకంప, తుమ్మకొమ్మ అందుకుని ఆకులు తింటుంది. గొర్రె తలవంచి నేలకానుకున్న కసువు కొరుకుతుంది. పిల్లపురుగులు ఉండేది కిందనే కాబట్టి, గుట్ట మీద తిరిగే మేకకు అవి తక్కువ దొరుకుతాయి. పైగా తుమ్మజాతి ఆకుల్లోని వగరు ఈ పురుగులను కొంత అణుస్తుందని చాలా దేశాల్లో పరిశోధనలు తేల్చినాయి. అదే మేకను కొట్టంలో పెట్టి, కసువు మళ్లల్లోకే తోలితే గొర్రెకంటే ముందు అదే పడిపోతుంది. దానికి ఈ పురుగులను తట్టుకునే శక్తి గొర్రెకున్నంత లేదు. ఒకప్పుడు మందలు గుట్ట నుంచి గుట్టకు, బీడు నుంచి బీడుకు తిరిగేవి. వదిలివచ్చిన చోట ఎండకు పిల్లపురుగులు మాడిపోయేవి. ఇప్పుడు బోరు పడిన ప్రతి చోటా టమోటా, మిగిలిన బీడుకు కంచె. మంద తిరిగేది చెరువు లోపల, కాలవ గట్టు మీద, అదే తడి కసువులో, రోజూ. అంటే పురుగును పెంచేది గొర్రె కాదు, మనం వేసిన కంచె. ఈ మాటంటే ఊర్లో పెద్దలకు కోపం వస్తుందని తెలుసు.

ఆస్ట్రేలియా నుంచి ఇంకొక పాఠం ఉంది. 1788లో తెల్లవాళ్లు అక్కడ కాపురం పెట్టి, తర్వాత గొర్రెలనూ కుక్కలనూ విస్తారంగా పెంచినారు. వాటితో పాటు చెప్పాపెట్టకుండా పురుగులూ దిగినాయి. గొర్రె కార్జంలో ఉండే జలగ ఇప్పుడు అక్కడి కంగారూల్లో కూడా ఉంది. కుక్క పేగుల్లో ఉండే ఎకైనోకాకస్ అనే చిన్న బద్దెపురుగు అక్కడి అడవికుక్కలకు పట్టుకుంది. దాని గుడ్లు పడిన కసువు తిన్న వల్లబీ అనే చిన్న కంగారూల ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరుగుతాయి. ఊపిరి ఆడక పరుగెత్తలేనిదాన్ని అడవికుక్క సులభంగా పట్టుకుంటుంది. తిత్తి మళ్లీ కుక్క కడుపులోకే పోతుంది. ఎంత పకడ్బందీ ఏర్పాటో చూడండి!

ఈ పురుగు మన దగ్గరా ఉంది. అడవికుక్క బదులు వీధికుక్క. ఆదివారం ఉదయం మాంసం అంగళ్ల దగ్గర చూడండి. తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తి పనికిరాదని పక్కకు విసిరేస్తారు, నాలుగు కుక్కలు కొట్లాడుకుని తింటాయి. ఆ కుక్కే సాయంత్రం మన వాకిట్లో పడుకుంటుంది. పిల్లలు దాన్ని నిమిరి ఆ చేత్తోనే బొరుగులు తింటారు. నీటితిత్తులు మనిషి కార్జంలోనూ పెరుగుతాయి. గొర్రె ఒకేవైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే రోగం మా దిక్కున అందరూ చూసిందే. దాని మెదడులో తిత్తి పెట్టేది కూడా కుక్కలోని మరో బద్దెపురుగే. ఆ తలకాయను పగలగొట్టి మళ్లీ కుక్కలకే వేస్తారు. వీటికి మందు సీసాలు అక్కర్లేదు. అంగడి వెనక లోతుగా ఒక గుంత, దాని మీద మూత చాలు. పంచాయితీ దీపాల బిల్లులో నెల మిగిలినా సరిపోయే ఖర్చు.

మూత, గుంత అంటే చులకనగా చూడొద్దు. నారికురుపును మన దేశం నుంచి పంపించింది మందు కాదు. రాయలసీమ దిగుడుబావుల్లో కాలుపెట్టి నీళ్లు ముంచుకున్న మన తాతల కాళ్లల్లోంచి మూర పొడవు పురుగు బయటికొచ్చేది. దానికి ఇప్పటికీ మందూ లేదు, టీకా లేదు. నీళ్లను గుడ్డతో వడగట్టడం, దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, బోరింగులు వెయ్యడం, ఇవే పని చేసినాయి. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. ఆ పురుగుకు కాపురం లేకుండా చేసింది దాని బతుకుదారి తెలిసినవాళ్లు.

ఇక మన చదువు సంగతి. పురుగుల పాఠం మనకు లేకపోలేదు. ఏలికపాము బొమ్మ, బద్దెపురుగు బొమ్మ, కార్జపు జలగ బొమ్మ. పక్కన గీతలు గీసి పేర్లు. పదిహేను మార్కులు. ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో ఫార్మలిన్‌లో పెట్టి చూపిస్తారు. పది జాతులు ఒకే పొట్టలో ఎట్లా కలిసి బతుకుతాయి, ఒకటి తగ్గితే ఇంకొకటి ఎందుకు పెరుగుతుంది, ఏ నెలలో ఎవరిది పైచేయి? ఇది పరీక్షలో రాదు కాబట్టి చదువులోనూ రాదు. తెలుగుదేశంలో ఇట్లాంటి పని జరగలేదనుకోవద్దు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్ర శాఖకు చెందిన ఆర్. మాధవి, సముద్రపు చేపల్లో పరాన్నజీవుల సముదాయాల మీదనే పరిశోధించినారు. అందులో ఒకటి కానాగుర్త చేప. దాని శాస్త్రీయ నామంలోనే 'కనగుర్త' అనే మన మాట ఉంది. పందికొక్కు మాదిరి అదీ తీరం దాటిపోయిన తెలుగు మాటే! చేప మొప్పల్లో, పేగుల్లో ఎవరెవరున్నారో లెక్కపెట్టగలిగినవాళ్లం, గొర్రె పెంటికలు లెక్కపెట్టలేమా?

పెంటికలే ఎందుకంటే, దానికి జంతువును కొయ్యనక్కర్లేదు. మా గుట్టల్లో చెవులపిల్లి ఉంది, ముండ్లపంది ఉంది, నక్క ఉంది. వీటిని పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అటవీశాఖ అనుమతి తీసుకుని అవి వదిలిపోయిన పెంటికలు ఏరుకొస్తే చాలు. మంద తిరిగే బీట్లోనూ, మంద పోని గుట్టలోనూ చెవులపిల్లి పెంటికలు తెచ్చి పోల్చి చూస్తే, మన గొర్రెలు అడవికి ఏమి ఇస్తున్నాయో తెలుస్తుంది.

పని చాలా సులభం. చిక్కటి ఉప్పునీళ్లలో పెంటికను నలిపి వడగడితే గుడ్లు పైకి తేలుతాయి. గీతలు గీసిన గాజు అరలో పోసి లెక్కపెట్టాలి. ఈ అరను 1939లో గోర్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు సిడ్నీలోని మెక్‌మాస్టర్ ప్రయోగశాలలో తయారుచేసినారు. ఇవాళ్టికీ ప్రపంచమంతా అదే వాడుతుంది. మన జంతుశాస్త్ర శాఖలో మైక్రోస్కోపులున్నాయి. ప్రాక్టికల్ పరీక్ష అయిపోయిన మరుసటి రోజు నుంచి మళ్లీ పరీక్షదాకా అవి బీరువాలో నిద్రపోతాయి. విద్యార్థి సంఘానికి నా ప్రతిపాదన ఇది. వచ్చే జూన్ నుంచి రెండో శనివారం ఆ గదిని తెరిపించండి. పల్లెల నుంచి వచ్చే మనం, కనీసం ముప్పై మందిమి ఉంటాం, సెలవుకు ఊరికి పోయినప్పుడు మన మందలోంచి పది గొర్రెల పెంటికలు, వేరువేరు పొట్లాల్లో, ఏ గొర్రెదో గుర్తుపెట్టి తెద్దాం. పక్కనే దాని కంటిరెప్ప రంగు రాసుకుందాం. వానలకు ముందొకసారి, వానల్లో రెండుసార్లు, సంక్రాంతికి ఒకసారి. మందు తాపినాక పదో రోజో, పద్నాలుగో రోజో ఇంకొకసారి లెక్కపెడితే మందు పనిచేసిందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఆ లెక్కల కాగితం పశువుల డాక్టరు చేతిలో పెడదాం. వార్షికోత్సవం షామియానా ఖర్చులో పదోవంతు కూడా కాదు. కల్లుప్పు నేను తెస్తాను.